కదలుబొమ్మల కలహము

ఈ విద్యాసంవత్సరమున ఒకనాడు మధ్యాహ్న భోజన విరామమందు మన పాఠశాల ఆవరణలోని వేపచెట్టు క్రింద పెద్ద కోలాహలము వినవచ్చినది. కబడ్డీ పందెమున తగవు వచ్చినదేమో యని మేము త్వరగా అచ్చటికి పోయితిమి. చూడగా పది పండ్రెండుగురు బాలురును, నలుగురైదుగురు బాలికలును రెండు కక్షలుగా చీలి వాదించుకొనుచుండిరి. ఆ వాదము ఆటను గుఱించి కాదు, పరీక్షను గుఱించియు కాదు. జపాను దేశపు కదలుబొమ్మల కథలలో పాతవాటి గీత మేలా, క్రొత్తవాటి గీత మేలా యనునదే వారి వివాదము. "చేతితోని గీసిన బొమ్మకే పానం ఉంటది సార్, ఇప్పటియన్నీ కంప్యూటర్ బొమ్మలే" యని యొకడు మాతో మొఱపెట్టుకొనెను. "వీడు కొత్తయి చూడనే చూడడు సార్, చూడకుంటనే బాగలేవంటడు" అని మఱియొకడు. ఇంతలో గంట మ్రోగినది. పిల్లలు తరగతులకు పోయిరి. కాని తగవు తీఱలేదు.

ఆ తగవును మేము మొదట నవ్వుతో కొట్టివేసితిమి. బొమ్మలకొఱకు పోరాడుట బాల్యచాపల్యమని తలంచితిమి. కాని వారము తిరుగకముందే దాని ఫలములు కానవచ్చినవి. ఆఱవ తరగతి మొదలు ఒకే బల్లమీద కూర్చుండుచు, ఎనుమాముల మార్కెట్టు త్రోవను ప్రతిదినము కలసి నడచి వచ్చు ఇద్దరు మిత్రులు వేఱువేఱు బల్లలు ఎంచుకొనిరి. అంతకంటె మాకు నొప్పి కలిగించినది వేఱొకటి. తొమ్మిదవ తరగతిలో చక్కగా బొమ్మలు వ్రాయు బాలిక యొకతె తన బొమ్మల పుస్తకమును బడికి తెచ్చుట మానివేసినది. కారణ మడుగగా కొంతసేపు తలవంచుకొని, "రెండు దిక్కులోళ్ళు నవ్విన్రు సార్" అని మాత్రము చెప్పినది. పాతగీతను మెచ్చువారు ఆమె బొమ్మ క్రొత్తవాటికి నకలనిరట. క్రొత్తగీతను మెచ్చువారు అది కాలము చెల్లిన గీత యనిరట. ఇరుకక్షలవారును తమ పట్టు నిలుపుకొనిరి. నడుమ నొక పిల్ల పెన్సిలు ఆగిపోయినది.

ఈ విషయమున మేమును నిర్దోషులము కాము. రెండేండ్ల క్రిందట గణితపు పాఠము జరుగుచుండగా ఆ బాలికయే బొమ్మ వ్రాయుచుండుట చూచి, పుస్తకమును లాగికొని, సంవత్సరాంతము వఱకు మా బల్ల సొరుగులో నుంచినవారము మేమే. బాలుని ఆసక్తియే బోధనకు వాకిలి యని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. తరగతి గదిలో అడుగిడిన పిదప ఆ వాకిలిని మేమే మూసితిమి. కావున ఈ వ్యాసము పిల్లలకు మాత్రమే చెప్పు బుద్ధులని యెవ్వరును తలంపవలదు. మాకు మేము చెప్పుకొనునవియు ఇందు కలవు.

తల్లిదండ్రులలో పెక్కురకు ఈ వివాదవిషయమే తెలియకపోవచ్చును గనుక దానిని కొంచెము వివరింతుము. జపానువారు కదలుబొమ్మల చిత్రములను 'అనిమే' అందురు. మన యిండ్లలో చిన్నపిల్లలు టీవీలో తెలుగుమాటలతో చూచు డోరేమాన్, షిన్‌చాన్ కథలు ఆ జాతివే. జపాను టెలివిజనులో క్రొత్తకథలు సంవత్సరమునకు నాలుగు మాఱులు, అనగా జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసములందు మొదలగుచుండును. ఒక్కొక్క ఋతువున ఒక కథకు సాధారణముగా పండ్రెండో పదుమూడో భాగములుండును. వారమున కొకటి వెలువడును. మన రైతులకు వానకాలపు పంట, యాసంగి పంట యెట్లో, ఈ పిల్లలకు ఆ నాలుగు ఋతువు లట్లు. క్రొత్త ఋతువు వచ్చుటతోడనే ఏ కథ చూడదగినది, ఏది కాదు, ఏ స్టూడియోవారి పనితనము పెరిగినది, ఎవరిది తఱిగినది అను చర్చలు కాశిబుగ్గ సందులలో సైతము వినబడుచున్నవి.

మఱియు 2025వ సంవత్సరము ఈ వాదమునకు మంచి ఆజ్యము పోసినది. ఆ ఒక్క యేటనే కదలుబొమ్మల చిత్రములు మూడు, మూడు వేఱువేఱు రీతులవి, తెలుగుమాటలతో సినిమాహాలులకు వచ్చినవి. జనవరి 24వ తేదీన వచ్చినది జపానువారును మనవారును కలసి తీసిన రామాయణము. అది యూగో సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్ గారల దర్శకత్వమున 1990 ప్రాంతముల తయారై, 1993లో మనదేశపు చలనచిత్రోత్సవమున చూపబడిన చిత్రము. సుమారు లక్ష చేతిబొమ్మలతో కూర్చినదని ప్రతీతి. జూలై 25వ తేదీన వచ్చిన 'మహావతార్ నరసింహ' మన దేశమున కంప్యూటరుపై త్రీడీ పద్ధతిని మలచినది. సెప్టెంబరు 12వ తేదీన వచ్చిన 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' ఈ రెంటి కలయిక, మనుష్యుల రూపములు ప్రధానముగా చేతిగీత, వారు పోరాడు అంతులేని కోట కంప్యూటరులో కట్టినది. మూడింటిని చూచిన పిల్లలు పోల్చి వాదింపక యూరకుందురా? ఊరకుండవలెనని మేము కోరము. కన్నులుండి చూచినవానికి అభిప్రాయము పుట్టుట సహజము. అభిప్రాయము పుట్టినవాడు దానిని చెప్పుకొనుటయు సహజము. మా మాట యొక్కటే: చూచినదానిని చెప్పని వాదమును, చేసినవానిని మఱచిన వాదమును మంచివి కావు. వేపచెట్టు క్రింద జరిగిన దానిలో ఈ రెండు దోషములును కలవు.

మొదటి దోషమును విచారింతము. "పాతవన్నియు చేతిగీత, క్రొత్తవన్నియు యంత్రగీత" అని పాతకక్షవారి ముఖ్యవాదము. ఇది నిజమునకు సగము దూరమున నున్నది. తెఱమీద చిత్రము సెకనునకు 24 మాఱులు మాఱును. ప్రతిమాఱును క్రొత్తబొమ్మ వ్రాయుటకు కాలమును ధనమును లేని దినములలో, 1963 జనవరి 1వ తేదీన ఒసాము తెజుకా గారు 'ఆస్ట్రో బాయ్' అను బాలమరమనిషి కథను జపాను టెలివిజనులో వారమునకొక అరగంట చొప్పున చూప మొదలిడిరి. వారానికొక భాగము సిద్ధము చేయవలెను గనుక వారు పొదుపు పద్ధతులను పట్టిరి. ఒక్క బొమ్మను మూడు మాఱులు నిలిపి, సెకనునకు ఎనిమిది బొమ్మలతో సరిపుచ్చిరి. ముఖమును కదలింపక నోరొకటే కదలించిరి. ఒక కథలో గీసిన పరుగును, ఎగురుటను దాచియుంచి మరల వాడుకొనిరి. నేడు మన పిల్లలు "పాతవాటి సొగసు" అని మెచ్చుకొను నిలుకడ చూపులు, చుఱుకైన మలుపులు కొంతవఱకు ఆ లేమినుండి పుట్టినవే. లేమిని నేర్పుగా మార్చుకొనుట కళ యగును. కాని దానిని సమృద్ధి యని భ్రమించుట చూపరి పొరపాటు.

ఆ పిదప చాలకాలము పారదర్శకమైన సెల్ అను పలుచని రేకులపై గీతలెక్కించి, వెనుకవైపు రంగులద్ది, ఒక్కొక్కదానిని కెమెరా క్రింద పెట్టి చిత్రము తీసెడివారు. 1990ల చివరినుండి 2000ల తొలి సంవత్సరముల లోపల ఈ రేకులు క్రమముగా మూలబడినవి. రంగులద్దుటయు కూర్చుటయు కంప్యూటరు పనియైనది. 1969లో మొదలైన 'సజాయె సాన్' అను కుటుంబకథ ఒక్కటి మాత్రము 2013 వఱకు ఆ రేకులను విడువలేదు. కాని రంగు కంప్యూటరు పాలైనంతమాత్రమున గీత చేతిని వీడిపోలేదు. నేటికిని పెక్కు అనిమేలలో బొమ్మను మనిషియే వ్రాయుచున్నాడు; కాగితముపై నైనను, అద్దపుపలకపై నైనను పట్టినది కలమే. కావున "ఇప్పటియన్నీ కంప్యూటర్ బొమ్మలే" యను మాట సరిగాదు.

క్రొత్తకక్షవారి వాదమును ఇట్టిదే. "త్రీడీ వచ్చినది గనుక పాతది పనికిరాదు" అని వారందురు. 'ట్రైగన్' అను కథ 1998లో చేతిగీతతో వచ్చినది; 2023లో ఆ కథయే కంప్యూటరు శిల్పముతో మరల వచ్చినది. రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవాడు ఒకదానిలో రేఖ యొక్క తెగువను, ఒకదానిలో వెలుగునీడల లోతును, ముఖకవళికల సూక్ష్మతను కనుగొనును. రెండవది మొదటిదానిని చెఱపివేసినదని చెప్పజాలడు. సాధనము మాఱినది, సాధించవలసినది మాఱలేదు. చూచువాని మనస్సున జాలియో, భయమో, నవ్వో పుట్టవలెను. పుట్టినదా లేదా యని అడుగుటయే విమర్శకు మొదటి మెట్టు.

ఇట్టి మార్పు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నిన్నమొన్నటి వఱకు మన వరంగల్లు జిల్లాలో నుండి, 2016 నుండి సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఉన్నారు. వారి పూర్వులు ఖద్దరు బట్టకు చింతగింజల జిగురును సుద్దమట్టియు పట్టించి, ఎఱ్ఱని నేలమీద కథను వరుసగా గళ్ళలో చిత్రించెడివారు. ఆ పటములు మూడడుగుల వెడల్పును, నలువది అడుగులకు మించిన పొడవును కలవి యుండెడివి. కూనపులివారు మార్కండేయ పురాణ పటమును పద్మశాలీల వాడలకు కొనివచ్చి, ఒక్కొక్క గడి విప్పుచు, పాడుచు, కథ చెప్పెడివారు. మన కొత్తవాడ నేతపనివారి తాతలు చూచిన సినిమా అదియే. తరువాత కథ వినువారు తగ్గిరి. పటము కుఱుచయై గోడకు తగిలించు చట్రములోనికి వచ్చినది. రాళ్ళను నూఱి చేసిన రంగులకు బదులు పెక్కుచోట్ల అంగడి రంగులు వచ్చినవి. దీనిని క్షీణత యందుమా? పొడవైన కథ పోయినది, అది నష్టమే. కాని ఆ మార్పుచేతనే ఆ చేతులకు నేటికిని పని కలదు. మార్పును చూచి తిట్టకముందు, పొగడకముందు, అది యేల వచ్చినదని అడుగవలెను.

కొత్తవాడ జంపఖానాల మాటయు నట్టిదే. 2018లో వరంగల్లు జంపఖానాకు భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గపు నేత యెఱిగిన మన విద్యార్థి తల్లి యొకామెను, మంచి జంపఖానాను ఎట్లు పోల్చుదురని మేము అడిగితిమి. "తిప్పి చూడాలె సార్, అంచు చూడాలె, రంగు తడిగుడ్డకు అంటుతదా చూడాలె" అని ఆమె చెప్పినది. ఆమె మొదట నేతను చూచినది. ఏ మగ్గమని తరువాత అడిగినది. ఇంతకంటె మంచి విమర్శసూత్రమును మేము ఏ గ్రంథములోను చదువలేదు.

ఇక రెండవ దోషము, చేసినవానిని మఱచుట. ఇది మొదటిదానికంటె బరువైనది. 'అటాక్ ఆన్ టైటన్' అను కథను 2013లో ఒక స్టూడియోవారు చిత్రించ మొదలిడిరి. చివరిభాగములు 2020లో వేఱొక స్టూడియో చేతికి పోయినవి. రాక్షసుల రూపములు కొన్ని కంప్యూటరుతో మలచబడినవి, గీత మాఱినది. నచ్చనివారు నచ్చలేదని చెప్పుట న్యాయమే. కాని కొందఱు అంతటితో నూరకుండక, ఆ బొమ్మలు వ్రాసిన పనివారిని వెదకి పట్టుకొని, వారి పేర పెట్టిన పుటలలో దూషణలు కురిపించిరి. ఆ దూషణ వాక్యములలో ఒకదానిని మన బాలుడొకడు తన నోటుపుస్తకపు అట్టమీద వ్రాసికొనియుండుట మేము చూచితిమి. తానెన్నడును చూడని మనుష్యుని, తానెన్నడును పోని దేశమున, ఆతడు రాత్రులు మేల్కొని చేసిన పనికొఱకు తిట్టుట ఆ బాలునికి వినోదముగా తోచినది. ఆ బాలుడు చెడ్డవాడు కాడు. తెఱవెనుక మనిషి యున్నాడని ఆతనికి ఎవ్వరును చెప్పలేదు, అంతియే.

ఆ మనిషి బ్రతుకు ఎట్టిది? కదలికలో ముఖ్యమైన భంగిమలను అనుభవజ్ఞులు వ్రాయుదురు. వాటి నడుమనుండు బొమ్మలను క్రొత్తగా పనిలో చేరినవారు వ్రాయుదురు. ఇట్టి నడిమిబొమ్మ యొక్కటికి రమారమి 200 యెన్లు, అనగా మన నూఱు రూపాయలకు కొంచె మెక్కువ, ముట్టునని జపాను పత్రికలలో చాలకాలముగా వ్రాయుచున్నారు. అచ్చటి వ్రాతగాండ్రకు జీతము తక్కువ, పనిగంటలు మితిమీఱినవి యని 2024లో ఐక్యరాజ్యసమితి కార్యవర్గ మొకటి తన నివేదికలో పేర్కొన్నది. ఋతువునకు పదులకొలది క్రొత్తకథలు కావలెనని చూపరులు కోరుదురు, వారము తప్పరాదందురు, గీత చెడరాదందురు, మఱియు కొందఱు దొంగస్థలములలో ఉచితముగా చూతురు. ఈ నాలుగు కోరికలును ఒక్కచోట ఇముడవు. గీత మాఱినప్పుడు ఆ నేరములో మనవంతు కొంత లేదా యని చూపరి తన్ను తాను అడుగుకొనవలెను.

ఈ సంగతులు మేము తరగతిలో చెప్పితిమి. పిల్లలు మర్యాదగా వినిరి. కాని వినుట వేఱు, తెలియుట వేఱు. అందుచేత ఒక శనివారము ఇరుకక్షలవారిని కూర్చుండబెట్టి, ఒక్క సెకను కదలిక చేసి చూపుడని కోరితిమి. వాడిన జవాబుపత్రముల వెనుకపుటలను సమముగా కత్తిరించి యిచ్చితిమి. సెకనునకు పండ్రెండు బొమ్మలు చాలునంటిమి. పత్తి బస్తా మోయుచు నడచు హమాలీని వ్రాయ నిశ్చయించుకొనిరి. ఎనుమాముల మార్కెట్టులో వారు నిత్యము చూచు నడక యది. ముఖ్యభంగిమలు పాతకక్ష బాలుడు వ్రాయవలెను. నడిమిబొమ్మలు క్రొత్తకక్ష బాలుడు వ్రాయవలెను. వారు మా పైన చెప్పిన ఇద్దరు మిత్రులే.

మొదటి శనివారము పూర్తియగునప్పటికి నాలుగు బొమ్మలైనవి. పుటలను వ్రేలితో చరచర త్రిప్పగా హమాలీ నడచుటకు బదులు గంతులు వేసెను. బస్తా దూదిపింజవలె తేలెను. పిల్లలందఱు నవ్విరి. ఏల తేలినది? బరువు మోయువాడు మొదట మోకాలు వంచును, నడుము ఒకవైపు ఒరుగును, మడమ నేలను తాకిన పిదప గాని తల లేవదు. ఇది చూచి యెఱుగని చేయి దానిని వ్రాయజాలదు. బాలు రిద్దఱును మార్కెట్టునకు పోయి అరగంట నిలిచి చూచి వచ్చిరి. కలసి పోయిరి. ఎవ్వరును పొమ్మనలేదు. రెండవ శనివారము చిక్కు తీఱక, బొమ్మలు వ్రాయు ఆ బాలికను పిలిచిరి. ఆమె పెన్సిలు పుచ్చుకొని మోకాలి మలుపును రెండు గీతలతో దిద్ది, మాటాడక పోయి తన చోట కూర్చుండెను. మూడవ శనివారమునకు పండ్రెండు బొమ్మలును పూర్తియైనవి. హమాలీ ఒక్క అడుగు నడచినాడు. నడక వంకరయే; కాని బస్తాకు బరువు వచ్చినది.

తరువాత లెక్క వేయించితిమి. ఇరువది నిమిషముల కథకు సెకనునకు పండ్రెండు చొప్పున 14,400 బొమ్మలు. తెజుకా గారి పొదుపుతో ఎనిమిది చొప్పున 9,600. నిలుకడ బొమ్మలను మినహాయించినను కొన్ని వేలు తప్పవు. మూడు శనివారములకు పండ్రెండు బొమ్మలైనచో, వారమునకొక భాగము ఎన్ని చేతులు వ్రాయవలెనో మీరే గుణించుడంటిమి. పలకమీద అంకెలు వేసిన బాలుడు నోటుపుస్తకపు అట్టమీద దూషణ వ్రాసికొన్నవాడే. ఆతడు లెక్క ముగించి, అట్టను చించలేదు గాని, దానిపై క్రొత్తకాగితము అంటించుకొన్నాడు.

ఈ పరీక్షతో వివాదము తీఱలేదు. తీఱవలెనని మేమును కోరలేదు. మిత్రు లిద్దఱు మరల ఒకే బల్లకు వచ్చిరి; ఒకడు నేటికిని పాతకక్షయే, ఒకడు క్రొత్తకక్షయే. కాని వారి మాటతీరు మాఱినది. "చెత్త" యను మాట తగ్గి, "ఆ దూకుడులో కాలు నేలకు ఆనలేదు" అను మాట వచ్చినది. ఇదియే మేము కోరినది. ఇది బొమ్మలకు మాత్రమే చెల్లు విద్య కాదు. రేపు వీరు గ్రామసభలో మాటాడుదురు, న్యాయస్థానమున సాక్ష్యము చెప్పుదురు, తోటిపనివాని పనికి వెల కట్టుదురు. చూచినది చెప్పుట, కారణ మడుగుట, మనిషిని నొవ్వనాడకుండుట అప్పుడును కావలయును.

విద్యార్థులారా, ఇకమీద వాదించునప్పుడు ఈ నాలుగు నియమములను పాటింపుడు. చూడనిదానిని గుఱించి తీర్పు చెప్పకుడు. నచ్చినను నచ్చకున్నను, ఏ చోట, ఏ కదలిక, ఏ రంగు అని వ్రేలు పెట్టి చూపుడు. పనిని విమర్శింపుడు, పనివానిని దూషింపకుడు. వేగముకొఱకు చెడగొట్టిన పనిని చెడినదని చెప్పుటకు మీకు పూర్తి హక్కు కలదు. కడపట, ఎదుటికక్షకు అనుకూలమైన మంచి ఉదాహరణ మొకటి మీరే చెప్పుడు. అది చెప్పలేనివానికి తనకక్షయు సరిగా తెలియదు.

మా తోటి ఉపాధ్యాయులలోను తల్లిదండ్రులలోను కొందఱు "ఈ బొమ్మలను మొత్తముగా మాన్పించుటయే మేలు" అనుచున్నారు. వారి భయము నిష్కారణము కాదు. అనిమేలలో పెద్దవారికొఱకు చేసినవి, రక్తపాతముతో నిండినవి, పిల్లలు చూడరానివి పెక్కు కలవు. బొమ్మలు గనుక పిల్లలకే యని తలంచుట తప్పు. వయస్సు సూచికను చూచి గాని అనుమతింపరాదు. అర్ధరాత్రి వఱకు ఫోను పట్టుకొని మేల్కొనుటయు, దొంగస్థలములనుండి దించుకొనుటయు కూడదు. ఇంతవఱకు వారితో మేము ఏకీభవింతుము. కాని మాన్పించుట యనగా కన్ను మూయించుట. మన హైదరాబాదులోనే 2001లో రాజీవ్ చిలక గారు స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థనుండి 2008లో 'ఛోటా భీమ్' పుట్టినది. ఆ బాలుని పసితనపు కథ 2019లో 'మైటీ లిటిల్ భీమ్' అను పేర త్రీడీ రూపమున, మాటలు దాదాపు లేకుండ, పెక్కుదేశముల పిల్లలకు చేరినది. ఇట్టి పని మనచేతులకును చేతనగునని దీనివలన తెలియుచున్నది. ఆ చేతులలో రేపటివి కొన్ని నేడు మన బల్లలమీదనే పెన్సిలు పట్టుకొని యుండవచ్చును.

కావున పాఠశాలవారికి మా మనవి: నెలకొక శనివారము ఒక్క గంట ఈ చిత్రరచనకును చర్చకును కేటాయింపుడు, గోడపత్రికలో ఒక మూల ఇరుకక్షల అభిప్రాయములకు చోటిండు. తల్లిదండ్రులకు మా మనవి: మీ బిడ్డ పుస్తకపు చివరిపుటలను ఒకమాఱు తిప్పి చూడుడు, కోపముతో కాక, జంపఖానా అంచును చూచినట్లు చూడుడు. అందు మీకు తెలియని యొక పనితనము కనబడవచ్చును.

ఆ బాలిక యింకను తన బొమ్మల పుస్తకమును బడికి తెచ్చుట లేదు. కాని మూడవ శనివారము తరువాత ఒకనాడు మా బల్లకడకు వచ్చి, జవాబుపత్రముల వెనుకపుటలు ఇంకను మిగిలియున్నవా యని అడిగినది. మేము సొరుగు తెఱచి, ఉన్నవన్నియు ఇచ్చివేసితిమి.